సోబర్ అంటే తాగని మనిషా, తాగుడు మానేసిన మనిషా, నెమ్మదైన మనిషా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఒక ఇంటర్వ్యూలో ఒకాయన "నేను పదేళ్లుగా సోబర్" అన్నాడు. ఒక ఆర్థిక వార్తలో "సోబర్ అసెస్‌మెంట్" అని చదివారు. మాటల్లో "సోబర్ కలర్స్", "మనిషి చాలా సోబర్" అని వింటుంటారు. ఇవన్నీ ఒకే మాటేనా, అది ఎక్కడ పుట్టింది, సోబర్‌కీ టీటోటలర్‌కీ (మద్యం అసలు ముట్టని మనిషికీ) తేడా ఏమిటి, మారుపేరు అనే అర్థమున్న సోబ్రికే అనే మాట దీనికి చుట్టమా? పైగా ఎస్, ఓ, బీ, ఈ, ఆర్ అనే అయిదు అక్షరాలూ ఒక్కో మాటకు పొట్టి రూపమని ఎవరో పంపిన మెసేజ్ నిజమేనా?

ముందు ఆ మెసేజ్ సంగతి. నిజం కాదు. ఈ మాట ఇంగ్లీషులో దాదాపు ఏడు వందల ఏళ్లుగా ఉంది. మొదటి అక్షరాలు కలిపి మాటలు తయారు చేసే అలవాటు ఇంగ్లీషులో బాగా పాకింది 20వ శతాబ్దంలోనే. అంతకన్నా పాత మాటకు ఎవరైనా అలాంటి పుట్టుక కథ చెబితే, నూటికి తొంభై తొమ్మిది పాళ్లు తర్వాత అల్లిందే అనుకోవచ్చు. తాగుడు మానేసినవాళ్ల బృందాల్లో సరదాగా చెప్పుకునే జోకులు కొన్ని ఇలా బయటికొచ్చి చరిత్రగా చెలామణీ అవుతుంటాయి.

ఇక అసలు విషయం. అనువాదాల పనిలో ఈ మాటతో చాలాకాలంగా తంటాలు పడుతున్నాను కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. మీరు చెప్పినవన్నీ ఒకే మాట. కాకపోతే ఆ ఒక్క మాటే మూడు వేరువేరు ప్రశ్నలకు జవాబుగా నిలబడుతుంది. ఈ క్షణాన మనిషి మత్తులో ఉన్నాడా లేడా? ఒకప్పుడు తాగుడుకు బానిసై ఇప్పుడు మానేశాడా? తీరులో నెమ్మదా, ఆర్భాటమా? ఎక్కడైనా ఈ మాట ఎదురైతే నేను చేసే పని ఒకటే: అక్కడ దానికి వ్యతిరేకం ఏమిటో వెతుకుతాను. వ్యతిరేకం "తాగి ఉన్నాడు" అయితే మొదటి అర్థం. "మళ్లీ మొదలుపెట్టాడు" అయితే రెండోది. "ఆవేశపడ్డాడు" అనో "ఆడంబరంగా ఉంది" అనో వస్తే మూడోది, దానికి మద్యంతో పనే లేదు.

పుట్టుక లాటిన్‌లో ఉంది. అక్కడి మాట సోబ్రియుస్. అందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది "సే", అంటే లేకుండా, వేరుగా అని. రెండోది "ఎబ్రియుస్", తాగి ఉన్నవాడు. రెండూ కలిస్తే మత్తు లేనివాడు. ఈ "సే" మీకు తెలియనిదేమీ కాదు. సెక్యూర్‌లో ఉన్నది ఇదే. "కూరా" అంటే చింత, సెక్యూర్ అంటే చింత లేని స్థితి. సెగ్రిగేట్‌లోనూ ఇదే, మంద నుంచి విడదీయడం అని దాని మూలార్థం. సెపరేట్‌లోనూ ఇదే.

ఎబ్రియుస్ మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో పండితులు ఒక్క మాట మీద లేరు. ఖరీసియుస్ అనే రోమన్ వ్యాకరణవేత్త దాన్ని "బ్రియా" అనే ద్రాక్షసారాయి పాత్రతో ముడిపెట్టాడు. వినడానికి బాగుంటుంది గానీ, పాతకాలపు వ్యాకరణవేత్తలు చెప్పిన పుట్టుకలను నేను రెండుసార్లు చూసి గానీ నమ్మను. పుట్టుక ఏదైనా దాని సంతతి మాత్రం పెద్దదే. ఫ్రెంచిలో తాగినవాణ్ని ఈవ్‌ర్ అంటారు, ఇటాలియన్‌లో ఎబ్బ్రో, స్పానిష్‌లో ఎబ్రియో. ఇంగ్లీషులో పోలీసు రిపోర్టుల్లో కనిపించే ఇనీబ్రియేటెడ్ కూడా ఈ ఇంటిదే. అంటే సోబర్, ఇనీబ్రియేటెడ్ పైకి ఏమాత్రం పోలికలేనట్టున్నా ఒకే కడుపున పుట్టిన మాటలు.

దీని పక్కనే ఇంకో చిన్న సంగతి ఉంది, చెప్పకుండా ఉండలేను. గోధుమ చేలల్లో గోధుమలాగే కనిపించే ఒక కలుపు మొక్క ఉంది. దాని గింజలకు ఒక రకం బూజు పడితే, తిన్నవాళ్లకు తల తిరిగి మత్తుగా ఉంటుంది. ఫ్రెంచివాళ్లు ఆ కలుపుకు పెట్టిన పేరు ఈ ఎబ్రియుస్ కుటుంబం నుంచే వచ్చింది. వృక్షశాస్త్రంలో దాని పేరు లోలియం టెములెంటం. ఇందులో టెములెంటం అన్నా తాగి ఉన్నది అనే అర్థం. "టేమేటుం" అంటే లాటిన్‌లో ఘాటైన మద్యం. మితంగా తిని తాగేవాళ్లను ఇంగ్లీషులో అబ్‌స్టీమియస్ అంటారు కదా, అందులో దాక్కున్నది ఈ టేమేటుమే. చాలామంది దాన్ని అబ్‌స్టెయిన్ నుంచి వచ్చిందనుకుంటారు. కాదు. అబ్‌స్టెయిన్‌కు మూలం "పట్టి ఆపుకోవడం", అబ్‌స్టీమియస్‌కు మూలం "మద్యానికి దూరంగా". క్విజ్‌లు ఇష్టమైనవాళ్లకు ఇంకో ముక్క: అబ్‌స్టీమియస్ స్పెల్లింగులో ఇంగ్లీషు అచ్చులు అయిదూ వరుసక్రమంలో వస్తాయి.

సోబ్రియుస్ దగ్గరికి వద్దాం. లాటిన్‌లోనే దీని అర్థం విస్తరించింది. తాగనివాడు తూలడు, వాగడు, తొందరపడి నిర్ణయాలు తీసుకోడు. కాబట్టి మితం పాటించేవాడు, వివేకం ఉన్నవాడు అన్న అర్థాలు దానికి చేరాయి. ఆ మాట పాత ఫ్రెంచిలో సోబ్ర్ అయి, 14వ శతాబ్దంలో ఇంగ్లీషుకు వచ్చింది. వచ్చేటప్పుడు మొదట తెచ్చుకున్నది మితం అనే అర్థాన్ని. కోరికల్లో, చేతల్లో హద్దు తెలిసినవాడు, ముఖ్యంగా తాగుడు విషయంలో. "ఇప్పుడు మత్తులో లేడు" అనే అర్థం, "గంభీరమైనవాడు" అనే అర్థం అదే శతాబ్దం చివరికల్లా కనిపిస్తాయి.

ఇక్కడ వాదించుకునేవాళ్లు రెండు రకాలు. ఈ మాటకు అసలు అర్థం మితమేననీ, మద్యం గొడవ తర్వాత అంటుకుందనీ ఒకరంటారు. అంతా మద్యం నుంచే వచ్చిందని ఇంకొకరు. లాటిన్ వేరు చూస్తే రెండోవాళ్లది సరి. ఇంగ్లీషులోకి అడుగుపెట్టిన తీరు చూస్తే మొదటివాళ్ల మాటలోనూ పస ఉంది. ఏ భాషలో మొదలు గురించి అడుగుతున్నారన్నది తేల్చుకోకుండా వాదిస్తే తెగదు.

మీరు విన్న "సోబర్ కలర్స్" కొత్తగా పుట్టిన వాడుక కాదు. 16వ శతాబ్దం చివరి నుంచీ ఇంగ్లీషులో బట్టలకూ రంగులకూ ఈ మాట వాడుతున్నారు. షేక్‌స్పియర్ నాటకంలో జూలియట్ రాత్రిని పిలుస్తూ, నల్లటి సోబర్ దుస్తులు కట్టుకున్న పెద్దముత్తైదువలాంటిదానా రా అంటుంది. అక్కడ సోబర్ అంటే నిరాడంబరం, కంటికి కొట్టనిది. స్కాట్లండ్ మాండలికంలో ఇది ఇంకాస్త కిందికి జారి పేద, బక్కచిక్కిన, ఒంట్లో బాగాలేని అనే అర్థాలకూ వెళ్లింది. అక్కడి పాత రాతల్లో ఎవరైనా సోబర్‌గా ఉన్నాడని ఉంటే, అది తాగుడు సంగతి కాకపోవచ్చు, ఆరోగ్యం సంగతి కావచ్చు.

మూడో అర్థానికి అతిపెద్ద ఊతం బైబిల్ ఇచ్చింది. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో, పేతురు మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో "బీ సోబర్, బీ విజిలెంట్" అని ఉంటుంది. గ్రీకు మూలంలో ఉన్న క్రియకు కూడా సూటి అర్థం తాగకుండా ఉండటమే. కానీ అక్కడ ఉద్దేశం బుద్ధి తెలివిలో ఉండాలని. తెలుగు బైబిల్ చేసినవాళ్లు దీన్ని చక్కగా పట్టుకుని "నిబ్బరమైన బుద్ధిగలవారై మెలకువగా ఉండుడి" అన్నారు. నా లెక్కలో సోబర్ మూడో అర్థానికి తెలుగులో దొరికిన మంచి మాట నిబ్బరం. ఆర్థిక వార్తలో మీరు చూసిన "సోబర్ అసెస్‌మెంట్"కు కూడా అది దగ్గరగా వస్తుంది. లాభాల ఊపులో గానీ నష్టాల భయంలో గానీ కొట్టుకుపోకుండా వేసిన అంచనా అని దాని భావం.

మొదటి అర్థం, మూడో అర్థం ఒకేచోట కలిసే పాత కథ ఒకటుంది. రోమన్ రచయిత వలేరియుస్ మాక్సిముస్ చెప్పాడు. మాసిడోనియా రాజు ఫిలిప్, అంటే అలెగ్జాండర్ తండ్రి, తాగి ఉన్నప్పుడు ఒక స్త్రీకి అన్యాయంగా తీర్పు చెప్పాడు. ఆమె అప్పీలు చేసుకుంటానంది. ఎవరికి అని అడిగితే, "ఫిలిప్‌కే, తాగని ఫిలిప్‌కి" అంది. మత్తు దిగాక ఆయన మళ్లీ విచారించి సరైన తీర్పు ఇచ్చాడట. తాగిన ఫిలిప్ నుంచి సోబర్ ఫిలిప్‌కు అప్పీలు అనేది ఇంగ్లీషులో సామెత అయింది. న్యాయానికీ సోబర్‌కీ ఉన్న ఈ ముడి ఇంకో జాతీయంలోనూ కనిపిస్తుంది. "సోబర్ యాజ్ ఎ జడ్జ్" అనే మాట 1734లో వచ్చిన హెన్రీ ఫీల్డింగ్ నాటకంలో ఉంది. తమాషా ఏమిటంటే ఫీల్డింగ్ తర్వాత తానే లండన్‌లో మేజిస్ట్రేట్ అయ్యాడు.

మొదటి అర్థానికి 20వ శతాబ్దంలో ఒక మార్పు వచ్చింది. అప్పటిదాకా మనిషి సోబరా కాదా అన్నది ఎదుటివాడు చూసి చెప్పేది. నడక, మాట, వాసన ఇవే సాక్ష్యం. 1930లలో అమెరికాలోని ఇండియానాలో ఊపిరి పరీక్షించే డ్రంకోమీటర్ అనే యంత్రం వచ్చింది. 1954లో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ బ్రెతలైజర్ తయారు చేశాడు. దాంతో సోబర్ ఒక అంకె అయింది. నాకేం ఎక్కలేదు, నేను బాగానే ఉన్నాను అనే మనిషి మాటకూ యంత్రం చూపే అంకెకూ పొంతన లేకపోవచ్చు, చట్టం నమ్మేది అంకెను. అయినా పాత పద్ధతి పూర్తిగా పోలేదు. అమెరికా పోలీసులు ఇప్పటికీ చేయించే ఫీల్డ్ సోబ్రైటీ టెస్టులో మడమకు వేలు తగిలేలా తొమ్మిది అడుగులు గీత మీద నడవాలి, తిరిగి రావాలి. అన్నట్టు "సోబర్ అప్" అంటే మత్తు దిగడం. కాఫీతో, చన్నీళ్ల స్నానంతో అది జరగదు. నిద్రమత్తు కాస్త వదులుతుంది, అంతే. రక్తంలో ఉన్న ఆల్కహాల్‌ను కాలేయం తన వేగంతో తాను తీసేస్తుంది, దాన్ని తొందరపెట్టే ఉపాయం లేదు.

ఇక మిమ్మల్ని ఎక్కువ తికమక పెట్టిన రెండో అర్థం. "పదేళ్లుగా సోబర్" అన్న మనిషి పదేళ్లుగా ఏ క్షణంలోనూ మత్తులో లేనని లెక్క చెప్పడం లేదు. ఒకప్పుడు తాగుడుకు బానిసనయ్యాను, ఫలానా రోజు మానేశాను, అప్పటి నుంచి ముట్టలేదు అని తన కథంతా ఒక మాటలో చెబుతున్నాడు. అందుకే జీవితంలో ఎన్నడూ మద్యం రుచి చూడని మనిషిని "నలభై ఏళ్లుగా సోబర్" అంటే తప్పు. వినేవాళ్లు ఆయనకు లేని గతాన్ని అంటగడతారు. ఆయన టీటోటలర్. అలాగే పండగకో పార్టీకో ఒక గ్లాసు తాగేవాడు మిగతా రోజుల్లో మొదటి అర్థంలో సోబరే, టీటోటలర్ మాత్రం కాదు. ఈ తేడా తెలియక అనువదించిన ఇంటర్వ్యూలు చూశాను, పాపం ఎన్నడూ తాగని మనిషి పాత తాగుబోతు అయిపోయాడు.

ఈ అర్థం ఇంత గట్టిపడటం వెనక పెద్ద ఉద్యమమే ఉంది. 19వ శతాబ్దం మొదట్లో మద్య వ్యతిరేక సంఘాలు పుట్టినప్పుడు వాటి నినాదం టెంపరెన్స్, అంటే మితం. 1826లో బోస్టన్‌లో మొదలైన అమెరికన్ టెంపరెన్స్ సొసైటీ మొదట గురిపెట్టింది ఘాటు మద్యాలనే. బీరు, వైను మితంగా అయితే ఫర్వాలేదనేవాళ్లు అందులో ఉండేవాళ్లు. తర్వాత పట్టు బిగిసింది. ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో 1832 సెప్టెంబర్ 1న జోసెఫ్ లైవ్‌సీతో కలిపి ఏడుగురు, ఏ రకం మద్యమూ ముట్టబోమని ప్రతిజ్ఞ మీద సంతకాలు చేశారు. మరుసటి ఏడాది అదే ఊళ్లో రిచర్డ్ టర్నర్ అనే సభ్యుడు ఒక సభలో సగం సగం మానడం పనికిరాదు, "టీ టోటల్"గా మానాలి అన్నాడు. టోటల్ అనే మాటకు మొదటి అక్షరాన్ని ముందు తగిలించి నొక్కి చెప్పడం అది. టర్నర్ నత్తి వల్ల అలా వచ్చిందని ఒక కథ, అమెరికాలో పూర్తిగా మానేస్తామన్నవాళ్ల పేర్ల పక్కన టీ అక్షరం వేసేవాళ్లు అందుకని ఇంకో కథ ఉన్నాయి. టీ తాగడంతో మాత్రం దీనికి ఏ సంబంధమూ లేదు. ఈ మాట ఆయనదేనని ప్రెస్టన్‌లో ఆయన సమాధి రాయి మీద కూడా చెక్కారు.

టీటోటల్ సిద్ధాంతం మాట. సోబర్ అలా కాదు, అది కోలుకున్నవాళ్ల మాటగా మారింది. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ కలిసి, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘాన్ని మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడు వ్యసనంతో నలిగినవాళ్లే. ఆ బృందాల్లో సోబ్రైటీకి తేదీ ఉంటుంది, వార్షికోత్సవం ఉంటుంది. అక్కడ "డ్రై"కీ "సోబర్"కీ కూడా తేడా పాటిస్తారు. తాగడం ఆపాడు గానీ పాత కోపాలూ కక్షలూ అలాగే మోస్తున్నాడంటే అతను ఇంకా డ్రై మాత్రమే. దానికి "డ్రై డ్రంక్" అనే చురకలాంటి పేరు కూడా ఉంది. బిల్ విల్సన్ 1958లో రాసిన ఒక వ్యాసంలో "ఎమోషనల్ సోబ్రైటీ" అన్నాడు, మనసు కూడా నిలకడకు రావాలని. మూడో అర్థం వచ్చి రెండో అర్థంలో కలిసింది ఇక్కడే. "సోబర్ ఆల్కహాలిక్" అనే మాట వింటే పొంతన లేనట్టు ఉంటుంది కదా? వ్యసనం ఒక జబ్బు, అది ఉన్నా మనిషి తాగకుండా ఉండగలడు అనే వాళ్ల లెక్కలో అది సరైన మాటే.

ఇటీవలి వాడుకల్లో దీని అంచులు మళ్లీ పలచబడుతున్నాయి. మద్యం మానేసి గంజాయి మానని పద్ధతిని "కాలిఫోర్నియా సోబర్" అంటున్నారు. కోలుకున్నవాళ్లలో చాలామందికి ఆ మాట వింటేనే ఒళ్లు మండుతుంది, నాకూ అది సోబర్ అనే మాటను మరీ సాగదీసినట్టే అనిపిస్తుంది. "సోబర్ క్యూరియస్" అంటే వ్యసనం ఏమీ లేకపోయినా తాగకుండా ఉంటే ఎలా ఉంటుందో చూద్దామనుకునేవాళ్లు. బ్రిటన్‌లో 2013లో డ్రై జనవరి, 2014లో ఒక క్యాన్సర్ సేవాసంస్థ నడిపిన గో సోబర్ ఫర్ అక్టోబర్ ఇలాంటివాళ్లకు బాగా నచ్చాయి. అక్కడ సోబర్ అంటే ఒక నెల పందెం, జీవితకాలపు ప్రతిజ్ఞ కాదు.

పొరుగు భాషలు ఇదే భావాన్ని వేరే దారుల్లో పట్టుకున్నాయి. జర్మన్‌లో ఈ అర్థానికి వాడే మాట న్యూష్‌టెర్న్. రాత్రికి సంబంధించిన లాటిన్ మాట నుంచి వచ్చిందంటారు. క్రైస్తవ మఠాల్లో తెల్లవారకముందు ఏమీ తినకుండా చేసే ప్రార్థన దాని వెనక ఉంది. అందుకే జర్మన్ డాక్టరు న్యూష్‌టెర్న్‌గా రమ్మంటే తాగకుండా రమ్మని కాదు, పరగడుపున రమ్మని. ఫ్రెంచిలో సోబ్ర్ ఇప్పుడు కరెంటుకూ వాడుతున్నారు. 2022 అక్టోబర్‌లో ఆ ప్రభుత్వం ప్రకటించిన ఇంధన పొదుపు ప్రణాళిక పేరులోనే సోబ్రైటీ ఉంది. గ్రీకువాళ్లయితే ఒక ఊదారంగు రాయికే తాగనిది అని పేరు పెట్టారు, అదే అమెథిస్ట్. అది దగ్గరుంటే మత్తెక్కదని వాళ్ల నమ్మకం. అందులో ఉన్న "మెథు" అంటే ద్రాక్షసారాయి, మన మధువుకు అన్నదమ్ము. మద్యం అనే మాట మాత్రం వేరు ధాతువు నుంచి వచ్చింది, రెండింటినీ కలపకండి.

రాసేటప్పుడు పనికొచ్చే రెండు ముక్కలు. "సోబరింగ్ న్యూస్" అని కనబడితే ఊరటనిచ్చే వార్త అనుకోవద్దు. ఉత్సాహం మీద నీళ్లు చల్లి ఆలోచనలో పడేసే వార్త అది. ఇంటర్వ్యూలోని "పదేళ్లుగా సోబర్"ను నేనైతే "తాగుడు మానేసి పదేళ్లయింది" అని రాస్తాను. మానేయడం అనే క్రియ ఉంటేనే ఆ గతం అందులోకి వస్తుంది. పలికేటప్పుడు సోబర్‌లో ఉన్న "సో" సోబ్రైటీలో బాగా తగ్గిపోయి "స"లా వినిపిస్తుంది, ఒత్తు "బ్రై" మీద పడుతుంది.

సోబ్రికే సంగతి మిగిలింది. అది చుట్టం కాదు. మారుపేరు అనే అర్థంలో ఫ్రెంచి నుంచి వచ్చిన ఆ మాటకు పాత ఫ్రెంచిలో గడ్డం కింద చేత్తో చిన్నగా తట్టడం అనే అర్థం ఉండేది. ఎగతాళిగా అలా తట్టడం నుంచి ఎగతాళి పేరు, దాన్నుంచి మారుపేరు అయిందని చెబుతారు. స్పెల్లింగులో మొదట్లోని అక్షరాలు కలిశాయంతే, సోబ్రియుస్‌తో దానికి లెక్కాపత్రం ఏమీ లేదు.